ద తీసి డ పెట్టినదెవరు?

తెల్లవారుజామున మూడూ యాభై రెండుకు చంద్రమౌళి నిక్షేపంలా ఉన్నాడని స్టేడియం గేటు దగ్గర సి.ఐ. నరసింగరావు తన ఫోను నా ముక్కు దగ్గర పెట్టి మరీ చూపించాడు.

“సూడండి ఝాన్సీ గారూ. మనిషి మాయమైపోయాడని నిన్న రాత్రి నుంచి ఒకటే గోల. మాయమైన మనిషి తీరుబడిగా కూచుని ఇంటర్నెట్‌లో పేజీ దిద్దుకుంటన్నాడు. పేరు ఆయనదే. టైము కూడా ఉంది.”

తెర మీద నిజంగానే ఉంది. పేజీ చరిత్రలో అన్నిటికన్నా పైన ఈ రోజు తేదీ, పక్కన 03:52, ఆ పక్కన వాడుకరి పేరు చంద్రమౌళి. మార్పు ఎందుకు చేశాడో చెప్పే గడిలో ఒక్క వాక్యం: ‘నా పొరపాటు దిద్దుకున్నాను, బంద కాదు, బండ.’

నా పక్కన నిలబడ్డ ఈశ్వరి ఆ వాక్యం చదివి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. చంద్రమౌళి భార్య ఆమె. నిన్న సాయంత్రం అయిదూ పదికి భర్త రాజాంలోని తమ విత్తనాల దుకాణం నుంచి స్కూటరు మీద బయల్దేరాడు, స్టేడియం ఫోటో ఒకటి తీసుకుని గంటలో వస్తానని. రాలేదు. ఫోను ఎత్తలేదు. పొద్దున్నే ఆమె విజయనగరం వచ్చి నా ఇంటి తలుపు తట్టేసరికి ఆమె కాళ్ళకు చెప్పులు కూడా లేవు. ఇప్పుడు పదకొండూ నలభై. మనిషి కనబడక పద్దెనిమిదిన్నర గంటలు.

“మా ఆయన తప్పయింది అని ఎప్పుడూ రాయడు మేడమ్,” అంది ఈశ్వరి. “నా దగ్గరే ఒప్పుకోడు.”

నరసింగరావు నవ్వాడు. ఆ నవ్వంటే నాకు ఒళ్ళు మంట. మూడేళ్ళ కిందట పాతపట్నం నగల కేసులో ఆయన పట్టుకున్నవాణ్ణి విడిపించి అసలువాణ్ణి నేను చూపించాను. అప్పటి నుంచి నేనెక్కడ కనబడ్డా ఆయనకు పంటి కింద రాయి పడినట్టే. పోలీసు ఉద్యోగం వదిలేసిన ఆడమనిషి ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకోవడం ఆయన దృష్టిలో సగం నేరం.

ఆయన వాదన ఆయనకుంది. చంద్రమౌళి స్కూటరు రాత్రి పదింటికి రాజాం బస్సు కాంప్లెక్సు దగ్గర దొరికింది. కాబట్టి బస్సెక్కాడు. పేజీలో తప్పు రాసి పదిమందిలో నవ్వులపాలయ్యాడు, సిగ్గుపడి ఎక్కడికో పోయాడు, పోయినచోట తప్పు దిద్దుకున్నాడు. రేపో ఎల్లుండో వస్తాడు. ఈలోగా సాయంత్రం నాలుగింటికి ఇదే స్టేడియానికి ప్రారంభోత్సవం, ముఖ్య అతిథి రాక, బందోబస్తు. మాలాంటివాళ్ళతో గడపడానికి ఆయనకు తీరిక లేదు.

ఇంతకీ ఆ తప్పు ఏమిటో చెప్పాలి. ఇంటర్నెట్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదాన్నయినా ఎవరైనా దిద్దవచ్చు, కానీ ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో ఆ ఆనవాలు మాత్రం అక్కడ చెరగదు. పైసా రాని పని. చంద్రమౌళి పగలు విత్తనాలమ్మి, ఖాళీ దొరికితే ఊళ్ళ గురించి రాసేవాడు. చుట్టుపక్కల నూట నలభై ఊళ్ళకు అందులో పేజీలున్నాయంటే ఆయన చలవే. ఆ సర్వస్వమే తనకు సవితి అని ఈశ్వరి దారిలో నాతో అంది. అని ఏడ్చింది.

గంగన్నవలస పక్కన కట్టిన ఈ కొత్త బేస్‌బాల్ స్టేడియానికి పేజీ మొదలుపెట్టిందీ ఆయనే. గేటు మీదా ఆహ్వానపత్రాల మీదా ఉన్న పేరే పెట్టాడు: దేముడుబండ బేస్‌బాల్ స్టేడియం. ఇక్కడ దేవుడి బండరాయి ఉండేదని, స్టేడియాన్ని ఆ బండ మీదే కట్టారని కరపత్రాల్లో గొప్పగా వేసుకున్నారు. ఆ బండ ఫోటో కోసం వెతికితే చంద్రమౌళికి బండ దొరకలేదు. పాత భూమి రికార్డు దొరికింది. అందులో ఉన్నది దేముడు బండ కాదు, దేముడు బంద.

మా రెండు జిల్లాల్లో బంద అంటే చిన్న చెరువు. అటు గోదావరి దాటితే ఈ మాట ఎవరికీ తెలీదు. స్థలం కాగితాలు టైపు చేసిన గుమాస్తా ఎక్కడివాడో, బంద అన్నది చూసి పాపం ఎవరో బండకు అక్షరం తప్పు రాశారనుకుని డ పెట్టాడు. చెరువు కాస్తా రాయి అయి కూచుంది. చెరువులో కట్టడం కట్టకూడదు, రాయి మీద కట్టుకోవచ్చు. ఎనిమిది రోజుల కిందట చంద్రమౌళి రికార్డు ఆధారం చూపించి పేజీలో డ తీసి ద పెట్టాడు. ఆ తర్వాత పేరు చెప్పనివాడెవడో మూడుసార్లు మళ్ళీ డ పెట్టాడు, ఆధారం ఉంది కదా అని ఇతర రచయితలు మూడుసార్లూ ద తెచ్చి పెట్టారు. రాసినవాడే వచ్చి నాదే తప్పంటే తప్ప ఆ ద కదలదు.

ఈ రోజు ఆ రాసినవాడే వచ్చి నాదే తప్పన్నాడు. నాకు భయం వేసింది అక్కడే.

ఇదంతా చెబితే నరసింగరావు టోపీ సర్దుకున్నాడు. “అక్షరాలు దిద్దుకోడానికి బడి ఉందండీ. మీకు ముప్పావుగంట ఇస్తన్నాను. గేటు రిజిస్టర్లో సంతకం పెట్టి తిరగండి. పన్నెండున్నరకి మీరు బయటుండాలి.”

“స్కూటరు చక్రాలకు నల్లమట్టి ఉంది, చూశారా?” అన్నాను.

“వానలు, మట్టి అంటదేటి?”

మూడు రోజులుగా అల్పపీడనం వాన, నిజమే. కానీ రాజాం నుంచి ఇక్కడిదాకా అన్నీ మెట్ట పొలాలు, ఎర్రమట్టి. నల్లగా, జిగటగా, చెరువు అడుగున ఉండే ఒండ్రు నేను దారిలో ఎక్కడా చూడలేదు. స్టేడియం గేటు దగ్గర దిగగానే నా చెప్పులకు అంటుకుంది. చంద్రమౌళి స్కూటరు ఇక్కడికి వచ్చింది. ఇక్కడి నుంచి దాన్ని కాంప్లెక్సుకు తీసుకుపోయింది చంద్రమౌళే అని చెప్పే సాక్షి ఒక్కడూ లేడు. ఈ మాట కూడా అన్నాను. ఆయన అప్పటికే వైర్‌లెస్ చెవిలో పెట్టుకుని నడుస్తున్నాడు.

గేటు పక్కన టార్పాలిన్ కింద ఒక ముసలామె టీ, ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముతోంది. పేరు గురమ్మ. ఈ నేల మీద ఏభై ఏళ్ళు గేదెల్ని తోలిన మనిషి. చంద్రమౌళి ఫోటో చూపిస్తే గుర్తుపట్టింది. నిన్న పొద్దు వాలేవేళ వచ్చాడట, టీ తాగాడట, ఈ బంద లోతెంతుండేదని అడిగాడట. లోపలికి వెళ్ళడం చూసింది. రావడం చూడలేదు. ఆ తర్వాత దీపాలవేళకు ఆయన స్కూటరు బయటికి పోయింది గాని, నడిపినవాడు తలకు హెల్మెట్ పెట్టుకున్నాడు.

“మా ఆయనకి ఎల్మెట్ నేదు,” అంది ఈశ్వరి.

మరి బండ సంగతేమిటని నేను అడిగాను. గురమ్మ కాయలు వలుస్తూనే జవాబు చెప్పింది.

“బండేటమ్మా, ఎవులు సెప్పినారు? ఇది బంద. నడిమధ్యన రెండు నిలువుల నీరుండీది. లారీల్తో మట్టి తెచ్చి కప్పీసినారు. కప్పీస్తే మాత్రం నీరు ఊరుకుంటాదేటి? రాత్తిరల్లా లోపల మోటారు కొట్టుకుంటానే ఉన్నాది. నీరు పల్లమెరుగు, నిజం దేముడెరుగు.”

బండ మీద కట్టిన స్టేడియంలో నీళ్ళు తోడే మోటారు ఎందుకు? ఎక్కడ కొడుతోందని అడిగాను. తూర్పు గ్యాలరీ కింద అంది. ఇందాక పదీ ముప్పావుకు పోలీసులొచ్చి ఆపించేశారట. ముఖ్య అతిథి నడిచే దారికి అడ్డంగా కరెంటు తీగ పడి ఉందని సి.ఐ. గారి ఆర్డరు.

తూర్పు గ్యాలరీ వైపు చూశాను. స్కూళ్ళ నుంచి పిల్లల్ని బస్సుల్లో తెచ్చి దింపుతున్నారు. వరసలు కట్టి మెట్లెక్కిస్తున్నారు, సాయంత్రానికి రిహార్సల్ అట. బ్యాండు మోగుతోంది. ఆ మోతలో మనిషి గొంతు చించుకు అరిచినా వినబడదని నాకు అప్పుడు తోచలేదు. తోచి ఉంటే పావుగంట కలిసొచ్చేది. ఆ పావుగంట గురించి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తోచింది రమేష్‌బాబును అడగాలని. స్టేడియం కమిటీ కార్యదర్శి, హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఇరవై రెండేళ్ళుగా కళ్ళాల్లో, బీడు పొలాల్లో వెదురు కర్రల్తో పిల్లలకు బేస్‌బాల్ నేర్పించిన మనిషి. ఆయన చేతికింద నుంచి తొమ్మిదిమంది ఆడపిల్లలు జాతీయ పోటీలకు వెళ్ళారు. చంద్రమౌళికి స్నేహితుడు కూడా, పేజీలో ఆట గురించిన భాగమంతా ఈయన చెబితే చంద్రమౌళి రాసిందే. ఢిల్లీ నుంచి వచ్చిన పరిశీలకుణ్ణి రాజాంలో హోటల్లో దింపి అప్పుడే తిరిగొచ్చాడు. ఆఫీసు గదిలో కుర్చీ చూపించాను. నరసింగరావు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, నా ఆట ఎప్పుడు కడుతుందా అని.

నేను అడిగింది ఒక్కటే. చంద్రమౌళిని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?

“మొన్న,” అన్నాడు రమేష్‌బాబు. “నిన్న రాత్తిరి నాను ఊళ్ళోనే లేను కదండీ. రామతీర్థంలో మా మేనకోడలి పెళ్ళి. మూడూ నలభైకి ముహూర్తం. తలంబ్రాల పళ్ళెం పట్టుకుని నాను వీడియోలో ఉన్నాను. మూడూ యాభై రెండుకి దండలు మార్సుకుంటన్నారు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. మూడూ యాభై రెండు మాట నేను ఎత్తలేదు.

నరసింగరావు వైపు చూశాను. ఆయనా ఎత్తలేదట, తల అడ్డంగా ఊపాడు. అయినా పెళ్ళి అబద్ధం కాదు, వీడియో ఫోన్లోనే ఉంది, చూపించాడు. మండపం, పళ్ళెం, మాస్టారు, మూలన గడియారం. మూడూ యాభై రెండుకు ఈ మనిషి రామతీర్థంలో ఉన్నది ఖాయం. నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. నా కాళ్ళకింద నేల జారుతున్నట్టే అయింది.

అప్పుడే ఈశ్వరి తన సంచిలోంచి భర్త ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. పొద్దుట నుంచి మోస్తూనే ఉంది. పోలీసాయన ఫోన్లో చూసింది తనకు నచ్చలేదట, ఆయన పెట్టెలో ఆయన పేజీ తన కళ్ళతో చూసుకుంటుందట. తెరిచింది. చరిత్ర నొక్కింది. వేలు పెట్టి చదువుతూ ఆగిపోయింది.

“మేడమ్, ఇక్కడ తొమ్మిదీ ఇరవై రెండని ఉన్నాదేటి?”

అదే తేదీ, అదే మార్పు, అదే వాక్యం. ఫోన్లో 03:52. ల్యాప్‌టాప్‌లో 09:22. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అయిదున్నర గంటల తేడా. ఆ సర్వస్వం ఖాతా లేకుండా చూసేవాళ్ళకు ప్రపంచ గడియారం చూపిస్తుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. ఖాతా ఉండి మన టైము పెట్టుకున్నవాళ్ళకు మన టైము చూపిస్తుంది. నరసింగరావు ఖాతా లేనివాడు. మాస్టారు కూడా ఆ 03:52 చూసే పెళ్ళి సాకు సిద్ధం చేసుకున్నాడు. చంద్రమౌళి పదకొండేళ్ళ నుంచి ఖాతాదారు. ఆ మార్పు తెల్లవారుజామున జరగలేదు. ఈ రోజు పొద్దున్న తొమ్మిదీ ఇరవై రెండుకు జరిగింది.

“మీ గేటు రిజిస్టరు తెప్పించండి,” అన్నాను నరసింగరావుతో.

ఆయనకు ఇష్టం లేదు. అయినా కానిస్టేబుల్‌ను కేకేశాడు. ఆ మాత్రం పోలీసుతనం ఆయనలో ఉందని నేను ఏనాడూ కాదనలేదు. ఉదయం ఆరింటి నుంచి సంతకం లేకుండా ఎవర్నీ లోపలికి పంపకపోవడం ఆయన ఆర్డరే. రిజిస్టర్లో తొమ్మిదీ అయిదుకు లోపలికి, తొమ్మిదీ నలభైకి బయటికి, గుండ్రంగా అందంగా సంతకం: బి. రమేష్‌బాబు. ఆ అరగంటలో పనివాళ్ళూ పోలీసులూ తప్ప లోపలికి వచ్చినవాడు మరొకడు లేడు.

రమేష్‌బాబు ముఖం మీద చెమట పోసింది. అయినా తొణకలేదు. సున్నం గీతలు సరిచూడ్డానికి వచ్చానన్నాడు. తనకు ఆ సర్వస్వంలో రాయడమే రాదన్నాడు. ఇది కూడా అబద్ధమో కాదో తేల్చే తీరిక నాకు లేదు. చంద్రమౌళి ఎక్కడున్నాడో చెప్పమన్నాను. తెలీదన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ తెలీదన్నాడు. గట్టిగా కొట్టాలనిపించింది, చేతులు వెనక్కి కట్టుకున్నాను.

ఈశ్వరి మాత్రం మా ఇద్దర్నీ పట్టించుకోకుండా పేజీ చదువుకుంటూ పోతోంది. పాత రాతా కొత్త రాతా పక్కపక్కన పెట్టి చూపించే తెర అది, మారిన అక్షరాలు రంగులో కనబడతాయి. పేరులో ద పోయి డ వచ్చింది. చరిత్ర భాగంలో చెరువు పోయి రాయి వచ్చింది. ఆ కింద, సౌకర్యాలు అనే భాగంలో, ఎవరూ చూడని చోట ఒక కొత్త వాక్యం పడింది.

“డగౌట్ వెనక గదిలో నీరు ఉన్నాది,” అని పైకి చదివింది ఈశ్వరి. ఇంకోసారి చదివింది. “మేడమ్, ఇది మా ఆయనే రాసినాడు. రాసినాడుగాని ఇలాగ రాయడు. సంపీసినా రాయడు. ఎవులైనా ఉన్నాది అని రాస్తే ఆళ్ళతో దెబ్బలాడి ఉంది అని దిద్దుతాడు. ఉన్నాది ఇంట్లో మాట, పేజీలో మాట కాదంటాడు. నాతో మాటాడినప్పుడే ఉన్నాది అంటాడు.”

ఆ వాక్యం ప్రపంచంలో ఎవరు చదివినా తాగునీటి సదుపాయం అనుకుంటారు. మెడ మీద నిలబడి రాయించినవాడూ అలాగే అనుకున్నాడు. చదవాల్సిన మనిషి ఒక్కతే ఉంది, ఆమె చదివింది.

డగౌట్ అంటే బేస్‌బాల్‌లో ఆటగాళ్ళు కూచునే చోటు. నేలకంటే నాలుగు మెట్లు దిగువన ఉంటుంది. ఇక్కడ అది తూర్పు గ్యాలరీ కిందే ఉంది.

నేను రమేష్‌బాబు ఎదురుగా వంగి నెమ్మదిగా చెప్పాను. “మాస్టారూ, మోటారు ఆగిపోయింది. తెలుసా మీకు?”

ఆయన నా వైపు అర్థం కానట్టు చూశాడు. “ఏ మోటారు?” అన్నాడు. అంటూనే నరసింగరావు వైపు తిరిగాడు.

“తీగ అడ్డంగా ఉందని నేనే ఆపించాను,” అన్నాడు నరసింగరావు. “పదీ ముప్పావుకి.”

రమేష్‌బాబు కుర్చీలోంచి లేచాడు. ఆయన అరుస్తాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. మోటారు ఆగితే పావుగంటకో మెట్టు మునుగుతుందని చెప్పాడు. గది డగౌట్‌కన్నా మరో మూడు మెట్లు దిగువట.

పరిగెత్తాం. పరిగెడుతూనే ఆయన చెప్పుకుపోయాడు, ఎవరూ అడగకుండానే. ఢిల్లీ పరిశీలకుడు నిన్న మధ్యాహ్నం ఫోను చేశాడట, మీ స్టేడియం చెరువులో కట్టారా, ఇంటర్నెట్‌లో అలా ఉందేమిటని. ఆయన సంతకం పెట్టకపోతే మైదానానికి తాళం పడుతుంది. చంద్రమౌళిని బతిమాలాడట, నాలుగింటిదాకా, ఒక్క రోజు, ఒక్క అక్షరం. చంద్రమౌళి కుదరదన్నాడట. పోనీ స్టోరు గదిలో కొత్త బ్యాట్లు ఫోటో తీసుకో అని తీసుకెళ్ళి తలుపు వేసేశాడట. ప్రారంభోత్సవం కాగానే తీసి కాళ్ళు పట్టుకుందామనుకున్నాడట. మోటారు తనే పెట్టించాడట, పాదాలు తడవకుండా. పొద్దున్న చంద్రమౌళి ఫోను చంద్రమౌళి చేతికే ఇచ్చి, పక్కన నిలబడి ఆ మార్పు రాయించి, మళ్ళీ లాక్కున్నాడట.

“ఇది బంద అని మీకు తెలుసు,” అన్నాను.

“తెలీదేటండీ. ఈ బందలోనే నాను ఈత నేర్సుకున్నాను.”

ఆ మాటకు నాకు కోపం రావాలి. వచ్చింది. దాంతోపాటు ఏదో ఇంకోటి కూడా వచ్చింది, దానికి పేరు పెట్టే టైము లేదు.

డగౌట్ మెట్లు రెండే కనిపిస్తున్నాయి. మిగతావి నల్లటి నీళ్ళ కింద ఉన్నాయి. దిగితే నాకు తొడలదాకా వచ్చింది. వెనక గోడకు ఇనుప తలుపు. నీళ్ళలో తడుముకుని తాళం తీశాను. తీసి నెట్టాను. తలుపు కదల్లేదు. నరసింగరావు బూట్లతోనే దిగి భుజం పెట్టాడు. కదల్లేదు. నీళ్ళ బరువనుకున్నాం. కాదు. పైన దూలం కిందికి దిగి తలుపు చట్రాన్ని నొక్కేసింది. చట్రం పైభాగం వంగి ఉంది, కంటికి కనిపించేంత.

“చంద్రమౌళి గారూ,” అని పిలిచాను. పైన డ్రమ్ములు మోగుతున్నాయి. ఈశ్వరి మెట్టు మీద నీళ్ళలో కూలబడి తలుపుకేసి చేతులు చాచింది.

కానిస్టేబుల్ ఒకడు పనివాళ్ళ దగ్గర నుంచి గునపం తెచ్చాడు. రమేష్‌బాబు అది లాక్కుని చట్రం సందులో పెట్టి మొత్తం బరువు వేశాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుంది. నరసింగరావూ నేనూ ఆ సందులో చేతులు పెట్టి తలుపును లోపలికి నెట్టాం. నా గోళ్ళు రెండు ఊడిపోయిన సంగతి నాకు సాయంత్రం దాకా తెలీదు.

లోపల నీళ్ళు మెడ దాకా ఉన్నాయి. బ్యాట్ల పెట్టెలు తేలుతున్నాయి. గోడ పైన ఉన్న చిన్న వెంటిలేటరు నుంచి కాస్త వెలుగు పడుతోంది. ఆ వెలుగులో, పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, మూల స్తంభాన్ని వాటేసుకుని ఒక మనిషి ఉన్నాడు. ముఖం బూడిదరంగులో ఉంది. పెదాలు కదులుతున్నాయి.

బతికే ఉన్నాడు. ఈశ్వరి వచ్చి నా భుజం మీద పడింది. ఆ క్షణాన నేను కూడా ఏడ్చాను, దాచుకోవాల్సిన పని లేదు.

నరసింగరావు ఈదుకుంటూ వెళ్ళి ఆయన చంక కింద చెయ్యి వేసి లాగాడు. చంద్రమౌళి రాలేదు. స్తంభాన్ని వదల్లేదు. బొంగురు గొంతుతో ఏదో అంటున్నాడు. దగ్గరికి వెళ్తే గాని వినబడలేదు.

“నన్నొగ్గీయండి. పైన గుంటలున్నారు. ముందు ఆళ్ళని దించీయండి.”

పిల్లల్ని దించుదాం, ముందు మీరు రండి అన్నాను. ఆయన చేతిలో మేకు ఉంది. దాంతో స్తంభం పక్క గోడను చూపించాడు.

గోడ మీద సున్నంలో గీతలున్నాయి. స్తంభం మీద ఒక గీటు పెట్టి, దానికి సరిగ్గా ఎదురుగా గోడ మీద ఒక గీత గీశాడు. స్తంభం కుంగి గీటు కిందికి దిగినప్పుడల్లా ఇంకో గీత. పక్కన చేతి గడియారం చూసి టైము. రాసే అలవాటున్న మనిషి చీకట్లో, నీళ్ళలో కూచుని కూడా ఆధారం లేకుండా ఊరుకోలేదు. మొదటిది నిన్న సాయంత్రం 6-40. తర్వాత 11-15. తర్వాత తెల్లవారి 4-05. ఆ మూడూ దారమంత దూరంలోనే ఉన్నాయి. 8-30. 10-50. అక్కడి నుంచి గీతలు ఎడం అవుతున్నాయి.

నరసింగరావు ఆ అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. పైకి చదువుతున్నానని ఆయనకే తెలీదనుకుంటాను. పిల్లల్ని గ్యాలరీ ఎక్కించడం మొదలుపెట్టింది పావు తక్కువ పన్నెండుకు. ఆఖరి గీత పక్కన 12-05 అని ఉంది. ఆ గీతకూ, ఇప్పుడు స్తంభం మీది గీటు ఉన్న చోటుకూ మధ్య నా రెండు వేళ్ళు పట్టాయి.

నా గడియారం చూసుకున్నాను. పన్నెండూ ఇరవై రెండు.

నరసింగరావు వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. నీళ్ళలో తడిసి అది పలకలేదు. పైన ఎవరో విజిల్ ఊదారు, నాలుగు వందలమంది పిల్లలు జాతీయ గీతానికి ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.